ఇరువదినాలుగు గురివింద గింజలు

సికింద్రాబాదు పాట్‌మార్కెట్టులో నగల అంగడి అద్దము ముందు నిలిచి, "తాతయ్యా, మేలిమి బంగారమంటే ఏమిటి?" అని నా ఆరేండ్ల మనుమరాలు అడిగినప్పుడు, అది 1064 డిగ్రీల వేడిలో కరుగు లోహమనియో, నీటికంటె 19 రెట్లు బరువైనదనియో చెప్పినచో ఆ పసిదానికేమి బోధపడును? ఇంటికి వచ్చి, వెనుకటి కంసాలులు పసిడిని తూచుటకు వాడిన గురివింద గింజలను 24 ఏరి బల్లపై పేర్చితిని. అవి నమిలినచో విషము గనుక దాని చేతికి ఈయలేదు.

అన్నియు గురివిందలే అయినంతవరకు అది 24 క్యారెట్ల మేలిమి. రెండు తీసి, వాని చోట రెండు పెసరగింజలుంచితిని. అది 22 క్యారెట్ల బంగారము. వేయి పాళ్లలో దాదాపు 916 పాళ్లు పసిడియే గనుక నగపై ఆ అంకె ముద్రింతురు.

"మంచి బంగారంలో వేరేది ఎందుకు కలపాలి?" అన్నది పాప. అసలు తెలియవలసినది అదే. మేలిమి మిక్కిలి మెత్తన. ఒక గ్రామును రెండు కిలోమీటర్లకు పైగా తీగెగా సాగదీయవచ్చును. సమానమైన గోళీలవలె వరుసలు తీరిన దాని పరమాణువులు ఒకదానిపై నొకటి సులువుగా జారును. వేరు పరిమాణము గల రాగి పరమాణువులు నడుమ చేరి ఆ జారుటను అడ్డగించుటచేతనే గాజు వంగక, గొలుసు తెగక నిలుచును. కలుపన్నంత మాత్రమున మోసము కాదు, ఎంత కలిపినారో దాచుటయే మోసము. మెత్తదనమును పనికిరానిదని యెంచరాదు సుమా! కుందనపు పనిలో రాళ్ల చుట్టును ఒత్తి బిగించునది ఆ మెత్తని మేలిమి రేకే.

ఇనుమునకు త్రుప్పు పట్టును, రాగికి చిలుము పట్టును. మేలిమి మాత్రము గాలికిని నీటికిని లొంగదు. గీటురాయిపై గీచి నత్రికామ్లపు బొట్టు వేసినచో రాగిగీత కరగిపోవును, పసిడిగీత నిలుచును. ఈ పరీక్షను చూపినచో పిల్లలు మరువరు. అయితే ఆమ్లము చర్మమును కాల్చును గనుక, అది కంసాలి చేతనే జరుగవలెను, బిడ్డ దూరమున నిలువవలెను.

2021 జూన్ నుండి మన దేశమున నగ మేలిమిని తెలుపు హాల్‌మార్కు ముద్రను తప్పనిసరి చేయుట మొదలైనది. అమ్మలారా, అయ్యలారా, ఈసారి నగ కొనబోవునప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, భూతద్దము వారి చేతికిచ్చి, ఆ 916ను వారిచేతనే చదివింపుడు.