పలకని చిలుక

1939 సెప్టెంబరు 6. ఇంగ్లండు యుద్ధంలోకి దిగి మూడు రోజులే అయింది. ఆ ఉదయం బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు శత్రువులనుకుని తమ సొంత హరికేన్ విమానాలు రెండింటిని కూల్చేశాయి. రాడార్‌కు చుక్క కనిపిస్తుంది గానీ అది మనవాడో పగవాడో తెలియదు. అప్పటికే తయారీలో ఉన్న ఒక పెట్టెను ఈ దుర్ఘటన తొందరపెట్టి విమానాల్లోకి ఎక్కించింది. రాడార్ తరంగం తగిలితే ఆ పెట్టె దాన్ని అందుకుని, బలం పోసి, తిరిగి పలికేది. సైనికులు దానికి ‘చిలుక’ అని మారుపేరు పెట్టుకున్నారు. ఈనాటికీ కంట్రోలరు పైలట్‌కు ఆ పెట్టెలో పెట్టుకోవాల్సిన నాలుగంకెలు చెప్పేటప్పుడు “స్క్వాక్” అంటాడు. అది చిలుక అరుపే.

యుద్ధం ముగిశాక చిలుక పౌర విమానాల్లో చేరి ట్రాన్స్‌పాండర్ అయింది. నేల మీది రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుతుంది: ఎవరు నువ్వు, ఎంత ఎత్తున ఉన్నావు? పెట్టె 1090 మీద జవాబిస్తుంది. ఆ ఎత్తు తెలియకపోతే ఏమవుతుందో మన దేశమే చూసింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజక్ విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఢిల్లీ కంట్రోలరు తెర మీద రెండు చుక్కలూ ఉన్నాయి, వాటి పక్కన ఎత్తులు లేవు. పైలట్లు రేడియోలో చెప్పిన మాటే ఆయనకు ఆధారం. కజక్ విమానం తనకు ఇచ్చిన ఎత్తు దాటి కిందికి దిగిపోయింది.

నేల మీద ఎవరో చూసి చెప్పేదాకా ఆగకుండా, విమానమే పక్క విమానాన్ని అడిగితే? 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 128 మంది చనిపోయాక ఈ ఆలోచన ఊపందుకుంది. బెండిక్స్ సంస్థలో పనిచేసిన జాన్ ఎస్. మోరెల్ దానికి గణితం కట్టాడు. ఎన్ని మైళ్ల దూరంలో ఉన్నావన్నది కాదు, ఇంకెన్ని సెకన్లలో ఎదురవుతావన్నది అసలు లెక్క. దూరాన్ని దగ్గరవుతున్న వేగంతో భాగిస్తే ఆ సెకన్లు వస్తాయి. నన్నడిగితే విమాన భద్రత చరిత్రలో ఇంత పొట్టి, ఇంత గట్టి భాగహారం మరొకటి లేదు. టీకాస్ అనే యంత్రానికి అదే పునాది. ప్రమాదం ముంచుకొస్తే అది పైలట్‌తో “ఎక్కు” అనో “దిగు” అనో గట్టిగా చెబుతుంది. 1986లో లాస్ ఏంజెలెస్ దగ్గరి సెరిటోస్ మీద ఒక జెట్, ఒక చిన్న పైపర్ విమానం ఢీకొని 82 మంది చనిపోయారు. పైపర్‌లోని ట్రాన్స్‌పాండర్ ఎత్తు చెప్పే రకం కాదు. ఆ మరుసటి ఏడాదే అమెరికా చట్టం తెచ్చి, 1993 చివరికల్లా పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ టీకాస్ తప్పనిసరి చేసింది.

అయితే టీకాస్ కళ్లతో చూడదు, అడిగి వింటుంది. జవాబు రాకపోతే దాని లెక్కలో అక్కడ ఏమీ లేనట్టే.

ఎండవేళ రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేచే గద్దను మనమంతా చూశాం. వేడెక్కిన నేల నుంచి లేచే గాలే దాన్ని మోస్తుంది. ఇంజను లేని గ్లైడర్ విమానానిది కూడా అదే విద్య. నెవాడా రాష్ట్రంలోని మిండెన్ ప్రపంచంలో పేరున్న గ్లైడర్ స్థావరాల్లో ఒకటి. సియెర్రా పర్వతాలను దాటివచ్చే గాలి అక్కడ అలలుగా లేస్తుంది. రీనో విమానాశ్రయానికి దిగే జెట్లకూ దారి ఆ ఆకాశంలోంచే. అక్కడ 18,000 అడుగుల లోపు గ్లైడర్ ఎవరితోనూ మాట్లాడకుండా ఎగరవచ్చు, కళ్లతో చూసి తప్పుకోవాలంతే. కానీ గ్లైడర్ సన్నగా, తెల్లగా ఉంటుంది, ఎదురుగా వస్తే గీతంత. పైగా నేరుగా ఢీకొట్టబోయే వస్తువు కిటికీ అద్దంలో పక్కకు జరగదు, ఒకేచోట ఉండి పెరుగుతుంది. మన కన్ను కదిలేదాన్నే ముందు పట్టుకుంటుంది.

2006 ఆగస్టు 28 మధ్యాహ్నం అక్కడే, దాదాపు 16,000 అడుగుల ఎత్తున, రీనోకు దిగుతున్న ఒక హాకర్ జెట్ గుండ్రంగా తిరుగుతున్న గ్లైడర్‌ను కొట్టింది. జెట్ ముక్కు చితికింది, ఒక ఇంజను ఆగింది. అయినా పైలట్లు చక్రాలు లేకుండానే కార్సన్ సిటీలో పొట్ట మీద దింపారు. అందులోని ఐదుగురూ బతికారు. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకి ప్రాణం దక్కించుకున్నాడు.

ఆ గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది. ఆయన దాన్ని ఆన్ చేయలేదు. దగ్గర్లోనే తిరిగి వచ్చేస్తాననుకున్నాడు, బ్యాటరీ రేడియోకు మిగలాలనుకున్నాడు.

ఆయన్ను తప్పుపట్టడం తేలిక. నాకు ఆ బ్యాటరీ మీదే ఎక్కువ దృష్టి పోతుంది. గ్లైడర్‌కు ఇంజను లేదు, అందుకే డైనమో లేదు. చాలా గ్లైడర్లలో ఉండేది ఇంట్లో యూపీఎస్‌లో పెట్టే 12 వోల్టుల బ్యాటరీ లాంటిదే. గంటల తరబడి ఎగరాలి. పైన చలికి దాని శక్తి ఇంకా తగ్గుతుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చిలుక పలకాలి, ప్రతి పలుకూ కాస్త కరెంటు తాగుతుంది. అంటే జెట్లు రద్దీగా ఉన్నచోట, జవాబు ఎక్కువ అవసరమైనచోటే, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఈ ఇబ్బంది తెలిసే చట్టం గ్లైడర్లకు మినహాయింపు ఇచ్చింది. ప్రమాదాన్ని పరిశోధించిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ ఆ మినహాయింపు తీసేయమంది. నా అభిప్రాయమూ అదే, కనీసం జెట్లు దిగే దారుల్లో. ఇప్పటి ట్రాన్స్‌పాండర్లు పాతవాటికంటే చాలా తక్కువ కరెంటుతో నడుస్తాయి.

స్విట్జర్లాండ్‌లో 2004లో పుట్టిన ఫ్లార్మ్ పరికరం గ్లైడర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా చేసి యూరప్ అంతా పాకింది. గుండ్రంగా తిరిగే గ్లైడర్ దారిని కూడా అది ముందే లెక్కగడుతుంది. కానీ దాని రేడియో వేరు, జెట్‌లోని టీకాస్‌కు వినబడదు. జెట్‌తో మాట్లాడాలంటే పాత చిలుకే కావాలి. అమెరికాలో గ్లైడర్ పైలట్లు దాని మీద పెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక సంఖ్య ఇచ్చారు: 1202. తెర మీద అది వెలిగితే, ఈ చుక్క ఏ క్షణాన అయినా గిరుక్కున తిరగవచ్చని కంట్రోలరుకు తెలుస్తుంది, జెట్‌ను కాస్త దూరంగా తిప్పగలడు.