బ్యాటరీ డిక్కీలోకి మారితే ఏం మారుతుంది?

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, విమానాశ్రయం దాటి కొద్దిదూరం వెళ్తే డుమస్ తీరం వస్తుంది. నల్లటి ఇసుకకు పేరుపడ్డ చోటు. మరమగ్గాల పనికోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆదివారం సాయంత్రం అలవాటైన షికారు కూడా ఇదే. దేశంలో ఆటుపోట్లు మరీ ఎక్కువగా ఉండే ఖంభాత్ సింధుశాఖ ఇక్కడికి దగ్గరే. అందువల్ల ఆటు సమయంలో డుమస్‌లో నీళ్లు చాలా దూరం వెనక్కి తగ్గుతాయి. గట్టిగా కనిపించే తడి ఇసుక బయటపడుతుంది. దానిమీద కారు పరుగెత్తించాలన్న సరదా కొందరికి పుడుతుంది. తీరంలోకి వాహనాలు దింపడం నిషేధమైనా ఆ సరదా ఆగడం లేదు. 2025 జులైలో ఇక్కడి బురదలో కూరుకుపోయిన ఒక ఖరీదైన కారు వీడియో దేశమంతా తిరిగింది.

అలా ఇరుక్కున్న కారులోకి ఉప్పునీళ్లు చేరుతుంటే తెలిసినవాళ్లు మొదట చెప్పే మాట బ్యాటరీ తీగ ఊడదీయమని. సాయానికి వచ్చినవాళ్లు బానెట్ ఎత్తుతారు. కొన్ని కార్లలో అక్కడ బ్యాటరీ కనిపించదు. అది వెనక డిక్కీలో ఉంటుంది. కొన్నిటికి కంపెనీయే అలా అమర్చి ఇస్తుంది. మరికొన్నిటికి యజమానులు ముచ్చటపడి మార్పించుకుంటారు. ఈ రెండో రకం పని మన దేశంలోనూ కార్లకు మెరుగులు దిద్దే కుర్రకారులో కనిపిస్తుంది. ‘బరువు వెనక్కి పోతుంది, బండి బ్యాలెన్స్ కుదురుతుంది’ అన్నది వాళ్లు చెప్పే కారణం. అది కొంతవరకు నిజమే. కానీ బ్యాటరీ వెనక్కి వెళ్లినప్పుడు దానితోపాటు ఒక పొడవాటి తీగ కూడా కారులోకి వస్తుంది. అసలు కథ ఆ తీగది.

బ్యాటరీ ముందువైపు ఉండటానికి కారణం సెల్ఫ్ మోటారు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చాక, చేత్తో హ్యాండిల్ తిప్పే శ్రమ తప్పింది. కారులో అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగేది ఆ మోటారే. అది ఇంజిన్‌ను ఆనుకుని ఉంటుంది కాబట్టి బ్యాటరీ కూడా పక్కనే ఉంటే తీగ పొట్టిగా సరిపోతుంది. తప్పనిసరైనప్పుడు మాత్రం ఇంజినీర్లు దాన్ని వెనక్కి పంపారు. 1959లో వచ్చిన మినీ కారులో ఇంజిన్‌ను అడ్డంగా ఇరికించేసరికి ముందు చోటు మిగల్లేదు, బ్యాటరీ డిక్కీ అడుక్కి చేరింది. 1989 నాటి మాజ్దా ఎంఎక్స్-5లో ముందు వెనకల బరువు సమంగా పంచడానికి డిక్కీలో పెట్టారు. బీఎండబ్ల్యూ కూడా చాలా మోడళ్లలో ఇదే చేసింది.

12 కిలోల లెక్క

మామూలు చిన్న కారు బరువు 900 కిలోలనుకుందాం. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. బరువులో 60 శాతం, అంటే 540 కిలోలు ముందు చక్రాలమీద ఉంది. 12 కిలోల బ్యాటరీని ముందునుంచి 3 మీటర్లు వెనక్కి జరిపితే ముందు చక్రాలమీద ఎంత తగ్గుతుంది? 12ను 3తో గుణించి 2.4తో భాగించాలి. 15 కిలోలు వస్తుంది. బ్యాటరీ బరువుకంటే ఎక్కువ తగ్గడం వింతగా అనిపించవచ్చు. బ్యాటరీ మొదట ముందు ఇరుసుకంటే ముందుకు, తర్వాత వెనక ఇరుసుకంటే వెనక్కి ఉంది కాబట్టి తూగుడుబల్ల చివర కూర్చున్న పిల్లాడిలా దాని ప్రభావం పెరిగింది. అయినా మొత్తమ్మీద జరిగిందేమిటి? 60 శాతం కాస్తా 58.3 శాతమైంది. వెనక సీట్లో ఒక మనిషి ఎక్కితే వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ.

పైగా ఆ తేడా ఎటు పనిచేస్తుందో చూసుకోవాలి. రేసుల్లో బ్యాటరీని వెనక్కి మార్చే ఆచారం ఎక్కువగా వెనక చక్రాలు తిరిగే కార్లది. అక్కడ వెనక బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది. మన రోడ్లమీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ బలం ముందు చక్రాలకు వెళ్తుంది. ఆ కార్లలో బరువు వెనక్కి జరిపామంటే లాగే చక్రాల పట్టునే తగ్గించినట్టు. డుమస్ ఇసుకలో ముందు చక్రాలు జారుతున్నప్పుడు ఆ 15 కిలోలు ముందే ఉండటం మేలు.

మరో లాభం గురించి ఈ ముచ్చట ఉన్నవాళ్లు తక్కువ మాట్లాడతారు కానీ, మన వాతావరణంలో నిజంగా విలువైనది అదే. సీసం-ఆమ్లం బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ లోపలి రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుంది, ఆయుష్షు ఆ మేరకు తగ్గుతుంది. రెంటచింతల ఎండలో ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద గాలి 60, 70 డిగ్రీలు దాటిపోవడం పెద్ద విషయం కాదు. డిక్కీ అంత వేడెక్కదు. కంపెనీలు బ్యాటరీని వెనక పెట్టడానికి ఇది కూడా ఒక కారణం.

అయిదు మీటర్ల రాగి

ఇక తీగ సంగతి. బానెట్ కింద బ్యాటరీనుంచి సెల్ఫ్ మోటారుకు వెళ్లే కేబుల్ సాధారణంగా మీటరు లోపే ఉంటుంది. డిక్కీనుంచి అయితే 5 మీటర్లదాకా కావాలి. తీగ నిరోధం దాని పొడవుతోపాటు పెరుగుతుంది, మందంతో తగ్గుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు వేస్తే నిరోధం సుమారు 5.3 మిల్లీ ఓమ్‌లు. చెవిన పడితే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు 200 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ తీగలోనే 1 వోల్టు పైగా పోతుంది. ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజి ఎలాగూ 10 దగ్గరికి పడిపోయి ఉంటుంది. మోటారుకు దక్కేది 9. శీతాకాలం పొద్దున, బ్యాటరీ కాస్త పాతబడ్డాక, ఇంజిన్ మూలిగి ఊరుకుంటుంది. అదే 50 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం వోల్టులో మూడో వంతుకు తగ్గుతుంది. కాకపోతే అంత రాగి 2 కిలోల పైన తూగుతుంది. బరువు సర్దడానికి మొదలుపెట్టిన పనికి కొత్త బరువు వచ్చి చేరిందన్నమాట.

దుకాణాల్లో చవగ్గా దొరికే మందపాటి తీగల్లో కొన్ని పైన రాగి పూత, లోపల అల్యూమినియం. చూడటానికి తేడా తెలియదు. అదే మందానికి నిరోధం మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు.

వోల్టేజి తగ్గితే కారు స్టార్టు కాదు, అంతే. అసలు ప్రమాదం వేరే ఉంది. ఆ తీగ డిక్కీనుంచి సీట్ల కిందుగా, కార్పెట్ అడుగున, ఇనప రేకుకు పెట్టిన రంధ్రంలోంచి ఇంజిన్ దగ్గరికి వెళ్తుంది. కారు బాడీ అంతా బ్యాటరీ రుణధ్రువానికి, అంటే ఎర్త్‌కు, కలిసి ఉంటుంది. ఆ రంధ్రం దగ్గర రబ్బరు వాషర్ పెట్టకపోతే, గతుకుల రోడ్డుమీద రేకు అంచు తీగ తొడుగును రోజూ కొంచెం కొంచెం కోస్తూ ఉంటుంది. ఒకరోజు రాగి రేకుకు తగులుతుంది.

అప్పుడు కరెంటును ఆపేది బ్యాటరీ లోపలి నిరోధం, తీగ నిరోధం మాత్రమే. రెండూ కలిపి 8 మిల్లీ ఓమ్‌ల చుట్టుపక్కల. 12.6 వోల్టులను దానితో భాగిస్తే 1,500 ఆంపియర్ల పైమాటే. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో అంత కరెంటు పారితే మీటరుకు 1,000 వాట్లకు మించిన వేడి పుడుతుంది. తీగ ఉష్ణోగ్రత సెకనుకు 9 డిగ్రీల చొప్పున ఎగబాకుతుంది. పది పదిహేను సెకన్లలో ప్లాస్టిక్ తొడుగు కరగడం మొదలవుతుంది, అదీ మనుషులు కూర్చున్న సీట్ల కింద, కార్పెట్ పక్కన. డ్రైవరు తాళం తీసేసినా ఆగదు. ఎందుకంటే ఆ తీగ తాళానికి ముందే, నేరుగా బ్యాటరీకి ఉంది.

ముందువైపు పొట్టి తీగకు చాలా కార్లలో ఫ్యూజే ఉండదు. అది నలిగే అవకాశం తక్కువని అలా వదిలేస్తారు. పాత పద్ధతినే పొడవాటి తీగకూ వర్తింపజేయడం ఈ మార్పిడిలో జరిగే అతి పెద్ద పొరపాటు. ఫ్యూజు ఉండాలి, అదీ బ్యాటరీ పక్కనే, అడుగు అడుగున్నర లోపు. ఇంజిన్ దగ్గర పెట్టి ఫ్యూజు పెట్టామనుకోవడం వృథా. కుళాయి కట్టేస్తే కుళాయి తర్వాత పైపులో నీళ్లు ఆగుతాయి కానీ ముందున్న పైపు పగిలితే కారుతూనే ఉంటుంది. ఫ్యూజు కూడా తన తర్వాతి తీగను మాత్రమే కాపాడుతుంది.

కంపెనీలు ఇక్కడ ఎంత జాగ్రత్త పడతాయో చూస్తే విషయం తీవ్రత అర్థమవుతుంది. బీఎండబ్ల్యూ కార్లలో బ్యాటరీ ధనధ్రువం దగ్గర చిటికెడు పేలుడు మందుతో ఒక టెర్మినల్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేంత గుద్దుడు జరిగితే ఆ మందు పేలి, ముందుకు వెళ్లే లావుపాటి కేబుల్‌ను బ్యాటరీనుంచి తెంపేస్తుంది. హెచ్చరిక దీపాలకు, తలుపు తాళాలకు వెళ్లే సన్న తీగలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఇంత చేసిన కంపెనీ కూడా 2013లో ధనధ్రువ కేబుల్ కనెక్టర్ లోపంవల్ల ఒక్క అమెరికాలోనే 5 లక్షల పైచిలుకు కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అతుకు దగ్గర కాస్త వదులైతే అక్కడ నిరోధం పెరిగి వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా వదులవుతుంది.

రేసు పోటీల నిర్వాహకులది ఇంకో దారి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం బ్యాటరీని చోటు మార్చిన కారుకు వెనక బయటివైపు ఒక స్విచ్చు తప్పనిసరి. దాన్ని నొక్కితే బ్యాటరీ తెగడమే కాదు, నడుస్తున్న ఇంజిన్ కూడా ఆగాలి. ఈ రెండో షరతు వెనక భౌతికశాస్త్రం ఉంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. ఛార్జింగ్ జోరుగా జరుగుతుండగా బ్యాటరీ ఒక్కసారిగా తెగితే, దాన్ని మింగేవాళ్లు లేక వోల్టేజి క్షణంలో 100 దాకా ఎగిరి కారులోని ఎలక్ట్రానిక్స్‌ను కాల్చేయగలదు. పదివేల రూపాయల పనికి లక్ష రూపాయల కంప్యూటర్ పోతుంది.

డిక్కీలో గాలి

బ్యాటరీ పూర్తిగా నిండాక కూడా ఛార్జింగ్ ఆగకపోతే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడిపోతుంది. బానెట్ కింద అయితే గాలికి కొట్టుకుపోతుంది. డిక్కీ దాదాపు మూసిన పెట్టె. ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ చెడి 10 ఆంపియర్లు అదనంగా గంటసేపు ఎక్కాయనుకుంటే, ఆరు సెల్‌లున్న బ్యాటరీనుంచి 25 లీటర్లకు పైగా హైడ్రోజన్ వస్తుంది. 300 లీటర్ల డిక్కీలో అదంతా నిలిచిపోతే 8 శాతం. గాలిలో 4 శాతం చేరితే చాలు హైడ్రోజన్ అంటుకోగలదు, దానికి మనం చలికాలం స్వెట్టర్ విప్పేటప్పుడు పుట్టే నిప్పురవ్వకంటే తక్కువ శక్తి సరిపోతుంది. డిక్కీ తలుపు తీయగానే వెలిగే దీపం స్విచ్చు కూడా ఒక రవ్వను పుట్టించవచ్చు. అందుకే మాజ్దా తన బ్యాటరీకి బయటికి వెళ్లే సన్నని గొట్టాలు పెట్టింది. మూసి ఉన్న ఏజీఎం రకం బ్యాటరీ మేలే. అయినా అతిగా ఛార్జి అయితే వాయువు వదలడానికి దానికీ ఒక కవాటం ఉంటుంది, దానికీ గొట్టం కావాలి.

గుజరాత్‌లో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవాలి. అక్కడ సీఎన్‌జీ కార్లు చాలా ఎక్కువ, వాటి సిలిండర్ ఉండేది డిక్కీలోనే. వాయువు సిలిండరూ, వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ టెర్మినళ్లూ ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టడం ఏ రకంగా చూసినా కూడని పని. హైదరాబాద్, విజయవాడల్లో సీఎన్‌జీ కార్లు వాడేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

బ్యాటరీని బిగించే పట్టీలను చాలామంది పట్టించుకోరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు గోడకు తగిలి అర మీటరులో ఆగిపోతే, ఆ 12 కిలోల బ్యాటరీ దాదాపు 240 కిలోల బరువంత బలంతో ముందుకు దూకుతుంది. ముందున్నది వెనక సీటు. రేకుకు కొట్టిన చిన్న మరలు ఆపలేవు. అడుగున లావుపాటి ఇనప పలకలు వేసి, కింది నుంచి బోల్టులతో బిగించాలి.

మళ్లీ డుమస్‌కు వస్తే, ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. డిక్కీ బ్యాటరీకి ఎర్త్ తీగను చాలామంది అక్కడే దగ్గరున్న రేకుకు బిగిస్తారు. కరెంటు తిరుగు ప్రయాణం కారు బాడీ గుండా, వెల్డింగ్ అతుకుల గుండా, ఇంజిన్‌కూ బాడీకీ మధ్యనున్న చిన్న పట్టీ గుండా జరుగుతుంది. బోల్టు కింద రంగు గీకకపోయినా, గీకాక గ్రీజు పూయకపోయినా, సముద్రతీరంలో ఒక్క వానాకాలం చాలు, తుప్పు పొర ఏర్పడటానికి. అక్కడ పెరిగే నిరోధం ముందు అయిదు మీటర్ల రాగి తీగ నిరోధం లెక్కలోకి రాదు. మెకానిక్ బ్యాటరీ మారుస్తాడు, సెల్ఫ్ మోటారు మారుస్తాడు, జబ్బు మాత్రం ఆ బోల్టు కిందే ఉంటుంది. కాకినాడలోనైనా భీమిలిలోనైనా ఇంతే. ఉప్పునీటిలో మునిగితే సంగతి ఇంకా వేగం. ఉప్పునీరు కరెంటును మోస్తుంది కాబట్టి ధనధ్రువం దగ్గరి రాగి విద్యుద్విశ్లేషణలో కరిగిపోతుంది, పచ్చని మడ్డి మిగులుతుంది. అందుకే నీళ్లు చేరకముందే ఎర్త్ తీగను, అదీ మొదట దాన్నే, ఊడదీయమంటారు. ధనధ్రువం ముందు విప్పబోతే పానా జారి రేకుకు తగిలినా షార్టు సర్క్యూటే.

ఇంతకీ డిక్కీలోని బ్యాటరీ పూర్తిగా దిగిపోతే డిక్కీ తెరవడం ఎలా? ఇప్పటి కార్లలో చాలావాటి డిక్కీ తాళం విద్యుత్‌తోనే తెరుచుకుంటుంది. కంపెనీలు ఈ తిరకాసు ముందే ఊహించాయి. బ్యాటరీ వెనక ఉన్న కార్లలో బానెట్ కింద ఎర్రని మూతతో, దానిమీద ప్లస్ గుర్తుతో ఒక టెర్మినల్ విడిగా ఉంటుంది. వేరే కారు బ్యాటరీనుంచి తీగలు తెచ్చి దానికి తగిలిస్తే డిక్కీ తెరుచుకుంటుంది. గ్యారేజీలో మార్పు చేయించుకున్న కార్లలో ఆ టెర్మినల్ కూడా పెట్టమని అడిగేవాళ్లు తక్కువ. అలాంటి కారులో బ్యాటరీ దిగిపోయిన రోజున వెనక సీట్లు మడిచి, టార్చిలైటు పట్టుకుని డిక్కీలోకి పాక్కుంటూ వెళ్లడమే దారి.