టక్‌టక్‌మంటే మళ్లీ ఆన్ చేయకండి

2016 సెప్టెంబరులో ఒక శనివారం రుమేనియాలో ఐఎన్‌జీ బ్యాంకు ఖాతాదారుల కార్డులు పనిచేయడం మానేశాయి. ఏటీఎంలు డబ్బివ్వలేదు, ఆన్‌లైన్ లావాదేవీలు ఆగిపోయాయి. హ్యాకర్లెవరూ చొరబడలేదు, నిప్పూ అంటుకోలేదు. బుకారెస్ట్‌లోని డేటా సెంటర్లో మంటలార్పే ఏర్పాటు సరిగా ఉందో లేదోనని పరీక్ష పెట్టారు, అంతే. కంప్యూటర్ల మీద నీళ్లు కొట్టలేరు కాబట్టి ఇలాంటిచోట జడవాయువు వదులుతారు. ఆ వాయువు గొట్టాల్లోంచి ఒక్క ఉదుటున చిమ్మినప్పుడు 130 డెసిబెల్స్‌ దాటిన మోత పుట్టింది. ఆ మోతకే హార్డ్ డిస్కులు పాడయ్యాయి. బ్యాంకు తేరుకోవడానికి దాదాపు 10 గంటలు పట్టింది. రెండేళ్లు తిరక్కముందే, 2018 ఏప్రిల్‌లో, స్వీడన్‌లోని ఒక డేటా సెంటర్లోనూ ఇలాగే వాయువు వదలడంతో నాస్‌డాక్ వాళ్ల ఉత్తర యూరప్ స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ట్రేడింగ్ నిలిచిపోయింది.

చప్పుడుకే చెడిపోయేంత సున్నితం ఏముంది హార్డ్ డిస్కులో? డెస్క్‌టాప్ కంప్యూటర్లో ఉండే మూడున్నర అంగుళాల హార్డ్ డిస్క్‌నే తీసుకోండి. మూత కింద అల్యూమినియంతోనో గాజుతోనో చేసిన గుండ్రటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వీటిని ప్లాటర్లంటారు. ఇవి నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి, అంటే సెకనుకు 120 చుట్లు. బిళ్ల అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతున్నట్టు లెక్క. డేటా చదివే హెడ్ ఆ బిళ్లను తాకదు. బిళ్లతోపాటు సుడి తిరిగే గాలి దాన్ని పైకి ఎత్తిపట్టుకుంటుంది. రెంటికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మన తలవెంట్రుక మందం 70, 80 వేల నానోమీటర్లుంటుంది. ఎడం సంగతి అలా ఉంచితే, హెడ్ నడవాల్సిన దారి కూడా అంత ఇరుకే. ఇప్పటి డిస్కుల్లో ఒక్కో ట్రాక్ వెడల్పు 100 నానోమీటర్ల లోపే. ఆ దారి తప్పకుండా ఉండటానికి ఫ్యాక్టరీలోనే బిళ్లల నిండా గుర్తులు రాసి పంపుతారు. వాటిని సర్వో గుర్తులంటారు. హెడ్ సెకనుకు వేలసార్లు ఆ గుర్తుల్ని చదువుకుంటూ, పక్కకు జరిగితే సర్దుకుంటూ పోతుంది.

కాబట్టి పెట్టె కాస్త వణికినా హెడ్ దారి తప్పుతుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు 2008 చివర్లో డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ క్షణంలోనే డిస్కులు నెమ్మదించడాన్ని స్క్రీన్ మీద గ్రాఫులో చూపించాడు. దీన్ని మించిన కథ 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ చెప్పాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో జానెట్ జాక్సన్ పాడిన ‘రిథమ్ నేషన్’ పాట పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవట. పక్కనున్న ల్యాప్‌టాప్ కూడా! ఆ పాటలోని ఒక స్వరం, వాటిలోని, నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కుల సహజ కంపనంతో కలిసిపోయేది. తయారీదారు ఆ స్వరాన్ని మాత్రం వడకట్టేసే ఫిల్టర్ పెట్టి గండం గట్టెక్కాడట.

బయటి చప్పుడు డిస్కును కుదిపినట్టే, డిస్క్ లోపలి కదలికా బయటికి వినిపిస్తుంది. హెడ్ ఉన్న చేతిని అటూ ఇటూ తిప్పేది ఒక తీగచుట్ట, దాని పక్కన బలమైన అయస్కాంతం. లౌడ్‌స్పీకర్లో ఉండేదీ ఇదే జోడీ. అందుకే ఇంజినీర్లు దీన్నీ వాయిస్ కాయిల్ అనే అంటారు. చెయ్యి ఠక్కున కదిలి ఠక్కున ఆగిన ప్రతిసారీ ఆ కుదుపు పెట్టెకు తగులుతుంది. పెద్ద ఫైలు కాపీ చేస్తున్నప్పుడు వినిపించే కరకర అదే. అందులో భయపడాల్సిందేమీ లేదు.

భయపడక్కర్లేని చప్పుళ్లు ఇంకొన్ని ఉన్నాయి. సన్నగా వచ్చే జుయ్‌మనే హోరు మోటారుది. సెకనుకు 120 చుట్లు కాబట్టి 120 హెర్ట్జ్, నిమిషానికి 5400 చుట్ల డిస్క్ అయితే 90. పాతికేళ్ల కిందటి డిస్కుల్లో ఉక్కు గుండ్ల బేరింగులుండేవి, అరిగేకొద్దీ కీచుమనేవి. 2000 తర్వాత వాటి స్థానంలో నూనె పొర మీద తిరిగే బేరింగులొచ్చి ఆ గోల చాలావరకు పోయింది. పని లేనప్పుడు హెడ్‌ను బిళ్ల మీంచి తప్పించి పక్కనున్న వాలు మీదికి ఎక్కిస్తారు, అప్పుడొక టిక్. ఎక్కువ సామర్థ్యం ఉన్న కొత్త డిస్కుల్లో కొన్ని ఏ పనీ లేకున్నా కొద్ది సెకన్లకోసారి మెత్తగా దబ్‌మంటాయి. ఒకేచోట అరుగుదల పడకుండా చేతిని అటూ ఇటూ కదుపుకునే ఏర్పాటది. ఇది తెలియక కొత్త డిస్కును వాపసు చేసేవాళ్లూ ఉంటారు. కరెంటు ఉన్నట్టుండి పోతే టిక్ కాస్త గట్టిగా, మొరటుగా వినిపిస్తుంది. మోటారు ఇంకా తిరుగుతున్న ఊపునే విద్యుత్తుగా మార్చుకుని, హెడ్ బిళ్ల మీద పడకముందే దాన్ని ఒడ్డుకు లాగేస్తుంది డిస్క్. చాలా తెలివైన ఏర్పాటే, కానీ రోజూ నాలుగుసార్లు పరీక్షించదగ్గది కాదు. ఎండాకాలం కరెంటు కోతలప్పుడు డెస్క్‌టాప్‌కు యూపీఎస్ పెట్టుకోమనేది ఇందుకే.

ఇక అసలు చప్పుడు. స్విచ్ వేయగానే మోటారు ఊపందుకుంటుంది. తర్వాత టక్... టక్... టక్... గడియారం పట్టి కొట్టినట్టు ఒకే లయ. కాసేపటికి మోటారు ఆగిపోతుంది, లేదా మళ్లీ మొదటినుంచి అదే వరస. కంప్యూటర్లో డిస్క్ కనిపించదు. లోపల జరిగేదిది: హెడ్ బిళ్ల మీదికి వెళ్లింది, సర్వో గుర్తు దొరకలేదు. తానెక్కడుందో తెలియక చెయ్యి చివరి అడ్డం దాకా వెళ్లి తగిలింది, అదే టక్. మళ్లీ బయల్దేరింది, మళ్లీ దొరకలేదు. చీకటి గదిలో తలుపు కోసం తడుముకునేవాడు ప్రతిసారీ గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు. ఎక్కువగా ఇది హెడ్ చెడిపోయిందనడానికి గుర్తు. 1990ల చివర్లో అయోమెగా కంపెనీ జిప్ డ్రైవులు ఇలాగే టక్‌టక్‌మని పోతుంటే జనం దానికి ‘క్లిక్ ఆఫ్ డెత్’ అని పేరు పెట్టారు, 1998లో కోర్టుకూ ఎక్కారు. ఆ డ్రైవులు పోయినా పేరు హార్డ్ డిస్కులకు అతుక్కుపోయింది.

అయితే శవయాత్రకు ముందు ఒక్క పని. అది యూఎస్‌బీతో తగిలించే ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే కేబుల్ మార్చి, హబ్ లేకుండా నేరుగా వేరే పోర్టులో పెట్టి ఒక్కసారి చూడండి. చాలినంత కరెంటు అందకపోయినా డిస్క్ టక్‌టక్‌మంటుంది, బీప్ లాంటి కూతా పెడుతుంది. ఆ బీప్ స్పీకర్లోంచి రాదు, డిస్కుల్లో స్పీకరే ఉండదు. తిరగలేని మోటారు తిరగబోయి వణికితే వచ్చే చప్పుడది. కరెంటు సరిగా ఉన్నా బీప్ వస్తుంటే హెడ్ బిళ్లకు అతుక్కుపోయి ఉండాలి, లేదా బేరింగు పట్టేసి ఉండాలి. కిందపడ్డ ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఇది మామూలే.

అన్నిటికన్నా చెడ్డది గరగర. లోహం మీద లోహం గీసినట్టు. హెడ్ బిళ్లను తాకేసిందన్నమాట. మన ఫొటోలన్నీ ఉండేది బిళ్ల పైన కొన్ని పదుల నానోమీటర్ల మందాన పూసిన అయస్కాంతపు పొరలో. గీరుకున్నచోట ఆ పొర పొడిగా లేస్తుంది. ఆ పొడి మిగతా హెడ్ల కింద పడి కొత్త గీతలు గీస్తుంది. సెకనుకు 120 చుట్లు కదా, ఒక్క నిమిషంలో 7200 సార్లు గీరుకుంటుంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో బిళ్లలు చాలావరకు గాజువి. అలా గంటల తరబడి నడిపిన డిస్కును విప్పితే కొన్నిసార్లు పొర మొత్తం లేచిపోయి, బిళ్ల మధ్యలో గాజు వలయం కిటికీలా కనిపిస్తుంది. అవతలి వస్తువులు చూడొచ్చు. అక్కడున్న డేటాను ప్రపంచంలో ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అందుకే కరెంటు లోపం వల్ల కాని టక్‌టక్ గానీ గరగర గానీ వినపడితే చేయాల్సింది ఒకటే: కరెంటు తీసేయడం. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనే ఆ ఒక్కసారే ఎక్కువ డిస్కుల ప్రాణం తీస్తుంది. ఫ్రీజర్లో పెట్టమనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే బిళ్లల మీద తేమ పడుతుంది, ఆ సలహా మర్చిపోండి. స్క్రూలు విప్పి చూడకండి. చాలా డిస్కుల మూత మీద ఒక చిన్న రంధ్రం, పక్కనే ‘ఈ రంధ్రం మూయవద్దు’ అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. లోపలికి పోయే ఆ కాస్త గాలికి కూడా దాని వెనక ఫిల్టరుంది. హీలియం నింపిన డిస్కులకైతే ఆ రంధ్రమూ ఉండదు. మన గదిలో మూత తీస్తే పడే దుమ్మురేణువు హెడ్ కింది ఎడం కన్నా వందల రెట్లు పెద్దది. అలాంటిదే మరో డిస్క్ కొని దాని సర్క్యూట్ బోర్డు దీనికి బిగిస్తే చాలనే చిట్కా కూడా పాతబడింది. ఒక్కో డిస్కుకు ఫ్యాక్టరీలో కుదిర్చిన కొలతలు దాని బోర్డులోని చిప్పులోనే ఉంటాయి, ఆ చిప్పునూ మార్చకపోతే పొసగదు. డేటా నిజంగా కావాలంటే, దుమ్ములేని గదిలో హెడ్లు మార్చగలిగే రికవరీ ల్యాబుకే పంపాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వేసి చూస్తామనే షాపుకు టక్‌టక్‌మనే డిస్కు ఇవ్వకపోవడమే మేలు. వాళ్ల సాఫ్ట్‌వేర్ నడవాలంటే డిస్క్ తిరగాలి కదా.

చప్పుడే లేకుండా చెడే డిస్కులూ తక్కువేం కాదు. ఫోల్డర్ తెరిస్తే అరనిమిషం బిగుసుకుపోవడం, కాపీ సగంలో ఆగడం, నిన్నటిదాకా తెరుచుకున్న ఫొటో సగం బూడిదరంగులో కనిపించడం, ఇవన్నీ సూచనలే. చదవలేకపోయిన సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) దగ్గర డిస్క్ పట్టువదలక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే మనకు కంప్యూటర్ హ్యాంగ్ అయినట్టుంటుంది. డిస్క్ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది, దాని పేరు స్మార్ట్. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో అది చూడొచ్చు. అందులో 5, 197, 198 నంబర్ల వరసలు ముఖ్యం. చెడి పక్కన పెట్టిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, ఎంతకీ చదవలేనివి. సున్నా కానిదేదైనా పెరుగుతూ పోతుంటే ఆ రోజే వేరే డిస్కుకు కాపీ చేసుకోవాలి, అదీ అతి ముఖ్యమైనవి ముందు. 199వ వరస పెరుగుతుంటే మాత్రం తప్పు చాలావరకు కేబుల్‌ది. పది రూపాయల తప్పుకు డిస్కును పారేయకండి.

ఈ లెక్కనైనా పూర్తిగా నమ్మలేం. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి ఫలితాలు ప్రకటించారు. స్వీయ తనిఖీలో మొదటి లోపం బయటపడ్డ డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, ఏ లోపమూ లేనివాటి కన్నా 39 రెట్లు ఎక్కువ. కానీ చెడిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి.

హార్డ్ డిస్కుకు బదులు కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎస్ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు కాబట్టి టక్‌టక్ ప్రసక్తే రాదు. అది చెడినప్పుడు కొన్నిసార్లు చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. ఆ దశలో దొరికితే అదృష్టమే, వెంటనే కాపీ చేసుకోవచ్చు. ఎక్కువసార్లు పొద్దున స్విచ్ వేస్తే డ్రైవే కనపడదు. పైగా అందులో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది, కరెంటు లేకుండా ఊరికే ఉంచితే మెల్లగా కారిపోతుంది. మెమరీ చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్ఎస్‌డీ, రాతల ఆయువు పూర్తయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలబెట్టుకుంటే చాలు. కొత్తది ఇంకా చాలాకాలం ఆగుతుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన బీరువాల్లో మే నెలలో 30 డిగ్రీలెక్కడ? పెళ్లి వీడియోలు ఎస్ఎస్‌డీలో పెట్టి లాకర్లో దాచిన వాళ్లు వాటిని మరోచోటికి కూడా కాపీ చేసి పెట్టుకోవాలి.