జావా జీర్ణోద్ధరణము

పాడుపడిన గుడిని తిరిగి నిలబెట్టుటకు జీర్ణోద్ధరణమని పేరు. కూలిన ప్రాకారము కట్టవచ్చును. పగిలిన గచ్చు మార్చవచ్చును. మూలవిరాట్టును తాకుటకు మాత్రము వేయి ఆలోచనలు కావలెను. ఏది మార్చదగును, ఏది మార్చరాదు అను ఈ విచారము గుడులకే పరిమితము కాదు. పెరటిలో గోనెపట్టాల క్రింద ఏండ్ల తరబడి పడియున్న పాత మోటారు సైకిలును మరల నడిపింపబూనిన గృహస్థునకును ఇదే ఎదురగును.

ఆ బండి 1968 నాటి జావా అనుకొందము. దానిపై దినదినమును పొరుగూరి బడికి పోయి పాఠములు చెప్పివచ్చిన ఉపాధ్యాయుడు గతించినాడు. కుమారుడు ఒక వేసవి సెలవులలో పట్టా తొలగించి చూచినాడు. టైర్లు మట్టిలో దిగబడియున్నవి. సీటులో ఎలుకలు కాపురము పెట్టినవి. కిక్కు రాడ్డు కదలదు.

ఈ బండి పేరు వెనుక చిన్న కథ కలదు. ప్రాగు నగరమున ఆయుధముల కర్మాగారము నడపిన ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో వాండరర్ అను జర్మను సంస్థ నుండి మోటారు సైకిలు తయారుచేయు హక్కులు కొని, తన పేరు మొదటిభాగమును ఆ సంస్థ పేరు మొదటిభాగముతో అతికించెను. చెకుల నోట అది ‘యావా’. రోమను లిపిని మనము చదువుకొన్న తీరున ‘జావా’ అయినది. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961లో ఈ బండ్ల తయారీకి ఆరంభము చేసెను. 1973 నుండి వానికి ఎజ్డీ అని పేరు మారినది. 1996లో కర్మాగారము మూతపడినది. 2018లో జావా పేరు మరల అంగళ్లలోనికి వచ్చినది గాని, ఆ క్రొత్త బండ్లు ఫోర్ స్ట్రోకు ఇంజనుతో నడచునవి. పేరొక్కటే కాని వంశము వేరు. కావున 1968 నాటి బండికి కావలసిన భాగములు పాత సరుకులో దొరకవలెను, లేదా నకళ్లతో సరిపెట్టుకొనవలెను.

పాత జావా టూ స్ట్రోకు బండి. సిలిండరు ఒక్కటే; లోపలి వ్యాసము 65 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75. సిలిండరు ఒక్కటైనను పొగగొట్టములు రెండు. పెట్రోలులోనే కొలత ప్రకారము నూనె కలిపి పోయవలెను. అన్నిటికంటె వింత దాని కిక్కు రాడ్డు. దానిని లోనికి నొక్కి ముందునకు త్రిప్పినచో అదియే గేరు మార్చు మీట యగును. ఈ మర్మము తెలియనివాడు గేరు మీట ఎక్కడనో పోయినదని బండి చుట్టును వెదకుట కలదు.

బిగిసిపోయిన బండిని చూడగానే ఎవనికైనను కిక్కు మీద ఎక్కి త్రొక్కవలెనని తోచును. తొలి అపచారము ఇదియే. సిలిండరు పోత ఇనుము, పిస్టను అల్యూమినియము. నడుమ నున్న రింగులు తుప్పుతో గోడకు కరచుకొనియుండును. బలముగా త్రొక్కినచో రింగులు విరిగి గోడను గీరును. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రము గుండ కిరసనాయిలో డీజిలో పోసి, నాలుగైదు దినములు వేచియుండవలెను. పిదప సిలిండరు హెడ్డు తీసి, పిస్టను తలపై కొయ్య నుంచి మెల్లగా తట్టవలెను. ఒకనాటి సాయంకాలము అది వెంట్రుకవాసి కదలును. ఆ వెంట్రుకవాసి కదలిక ఇచ్చు సంతోషమును పరీక్షాఫలితములకొరకు ఎదురుచూచిన విద్యార్థులు ఊహించుకొనగలరు.

ఇంటిలో సాగు పని ఇంతవరకే. అరిగిన సిలిండరును పావు మిల్లీమీటరు చొప్పున పెద్దది చేసి, దానికి తగిన పిస్టను వేయుట లేతు యంత్రము గలవాని పని. క్రాంకు షాఫ్టు ముక్కలను మహాబలముతో ఒకదానిలో నొకటి దిగగొట్టి కూర్చియుందురు. దానిని సుత్తితో విప్పజూచినవాడు తరువాత చింతించును.

ఆయిలు సీలులు అను రబ్బరు వలయముల విషయమున మమకారమునకు తావు లేదు. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మొదట పిస్టను క్రింది గదిలోనికి వచ్చి, అచ్చటినుండి పైకి పోవును. ఎండిపోయిన సీలు సందున బయటి గాలి లోనికి చొరబడినచో మిశ్రమము పలుచనై, పిస్టను మితిమీరి కాగి, నడుచుచున్న బండియే బిగిసిపోవును. తండ్రి వేసిన సీలు గదా యని ఉంచుకొన్న కుమారుడు రోడ్డుపై పడును. అదియును గాక, 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. పాతకాలపు రబ్బరును మెత్తబరచి చెరచును. నేటి పెట్రోలుకు నేటి రబ్బరే కావలెను.

పెట్రోలు ట్యాంకు తుప్పునకు ఇంటి ఇల్లాలికి తెలిసిన ఉపాయమే కలదు. ఇత్తడి బిందెను తోము చింతపండు పులుసే కొన్ని దినములు నింపి యుంచి, గులకరాళ్లు వేసి ఆడించినచో తుప్పు చాలవరకు రాలును. ఆపైన కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పూయవలెను. చిల్లులున్నచో మాత్రము అతుకు వేయించుటకు తొందరపడరాదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పు సోకినచో ప్రాణములు తీయును. కార్బురేటరులోని ఇత్తడి జెట్టు పూడినదని ఇనుప తీగతో పొడుచుట మరియొక పొరపాటు. రంధ్రము ఇసుమంత పెద్దదైనను కొలత చెడును.

ఇక రంగు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ముదురు ఎరుపు రంగు వెలసినది. ట్యాంకు ప్రక్కన తండ్రి మోకాలు ఒరసికొని, సన్నని బంగారు గీత కొంతమేర చెరిగినది. వెనుక మడ్గార్డుపై పుస్తకముల సంచి కట్టిన త్రాటి గాటు కలదు. పెయింటరు నడిగినచో మూడు దినములలో క్రొత్త పెండ్లికూతురు వలె చేసి యిచ్చును. బండి మెరయును, కాని మోకాలి గురుతు పోవును.

తెలుగు పండితులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. సి.పి. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి పాఠములను సరిచూపించినాడు. పురుగు తిన్న చోట సొంత పద్యము అల్లి యతికించు పరిష్కర్త ఎంత సమర్థుడైనను కవికి ద్రోహము చేసినవాడే యగును. లోపించిన చోట చుక్కలు పెట్టి విడుచుట వాని మర్యాద. యంత్రమునకు చుక్కలు పెట్టిన నడవదు, నిజమే. అందుచేతనే సీలులు, రింగులు, బ్రేకు లైనింగులు మార్చక తప్పదు. రంగు నడకకు అడ్డము రాదు. తుప్పు లోహమును తినుచున్న చోట మాత్రము గీకి రంగు వేసి, తక్కినదానిని మెత్తని గుడ్డతో, మైనముతో కాపాడుట ఉత్తమము. బజారులో దీనికి మెచ్చుకోలు తక్కువే.

చట్టమును ఈ వాదములో కలుగజేసికొన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి నమోదు నుండి 50 ఏండ్లు దాటి, చట్రమునందును ఇంజనునందును పెద్ద మార్పులు లేక మూలరూపమున నున్న బండిని ‘వింటేజి’ వాహనముగా నమోదు చేసికొనవచ్చును. రుసుము 20,000 రూపాయలు. అట్టి బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కవలెను. నిత్యము బడికి పోరాదు. కుమారుడు తేల్చుకొనవలసినది ఇదియే. తండ్రి బండికి గౌరవచిహ్నము తగిలించి నిలిపియుంచుటయా, లేక మామూలు నమోదును ఐదేండ్లకొకసారి పొడిగించుకొని, తనిఖీలకు నిలిచి, తండ్రి పోయిన త్రోవనే పోవుటయా? మొదటి దారిలో బండికి ఆయుష్షు ఎక్కువ. రెండవ దారిలో అది బండిగా మిగులును. ఏ దారి యైనను చట్రముపై చెక్కిన అంకెలు చెక్కుచెదరరాదు. ఇసుక ఊది, మందముగా పౌడరు కోటింగు వేయించి, ఆ అంకెలు కప్పబడగా తమ బండి తమదేనని నిరూపింపలేక తిరుగువారు కలరు.

ఈ కుమారుడు రెండవ దారి పట్టినాడనుకొందము. పాత పిస్టను, రింగులు, సీలులు చీటీలు కట్టి బిస్కట్ల డబ్బాలో దాచినాడు. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరుకు సరిచేసినాడు. పుస్తకము చూచి నూనె కొలచి, మీదుమిక్కిలి భయముచే మరికొంచెము పోసినాడు. ఏడవ కిక్కునకో, ఎనిమిదవ కిక్కునకో పెరడంతయు నీలిపొగ క్రమ్మినది. తల్లి వంటయింటి నుండి వచ్చి, గుమ్మము పట్టుకొని కొంతసేపు ఆ చప్పుడు వినినది.

“నూనె ఎక్కువ పోశావురా. మీ నాన్నగారు ఇంత పోసేవారు కాదు.”