పోయింది కప్పులో కొంతే, మార్చాల్సింది మొత్తం!

గృహప్రవేశం ముహూర్తం కోసం ఇండియాకి నాలుగుసార్లు ఫోన్ చేసిన నేను, ఇంటి ఇన్సూరెన్స్ కాగితాల మీద మాత్రం ఒక్కటీ చదవకుండా పది నిమిషాల్లో సంతకాలు పెట్టేశాను. పొద్దస్తమానం కోడ్ రాసే ఉద్యోగమే అయినా, బిల్డింగ్ కోడ్‌కీ నా ఇన్సూరెన్స్‌కీ సంబంధం ఉందని 2017 సెప్టెంబరు దాకా నాకు తెలియదు. ఆ నెలలో ఇర్మా హరికేన్ ఫ్లోరిడా మీదుగా వెళ్ళింది. టాంపాలో మా ఇంటి కప్పు మీద ఒక పక్క షింగిల్స్ లేచిపోయాయి.

ఇన్సూరెన్స్ అడ్జస్టర్ వచ్చి కొలిచాడు. కప్పులో సుమారు 30 శాతం దెబ్బతింది, బాగుచేయడానికి 6,000 డాలర్లు అవుతుందన్నాడు. రూఫింగ్ కాంట్రాక్టరేమో "కప్పు మొత్తం మార్చాల్సిందే, లేకపోతే పర్మిట్ రాదు, 18,000 అవుతుంది" అన్నాడు. పని పెంచుకోవడానికి చెబుతున్నాడేమో అనుకున్నాను. కౌంటీ ఆఫీసులో కనుక్కుంటే అతను చెప్పిందే నిజం.

1992లో ఆండ్రూ హరికేన్ ఇళ్ళని నేలమట్టం చేశాక, రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ ఉండాలని నిర్ణయించారు. అది 2002 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఆ కోడ్ ప్రకారం పన్నెండు నెలల్లో కప్పులో 25 శాతానికి మించి బాగుచెయ్యాల్సి వస్తే, మొత్తం కప్పుని ఇప్పటి కోడ్‌కి తగ్గట్టు మార్చాలి. (2022లో దీన్ని కొంత సడలించారు. 2007 కోడ్ ప్రకారం కానీ, ఆ తర్వాతి కోడ్ ప్రకారం కానీ వేసిన కప్పు అయితే, బాగుచేసే భాగం వరకు కోడ్ పాటిస్తే చాలు. మాది అంతకు ముందు వేసిన కప్పు.)

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలుగా పాలసీ, పోయినదాన్ని మునుపు ఉన్నట్టుగా నిలబెట్టడానికే డబ్బిస్తుంది. కోడ్ వల్ల పెరిగే ఖర్చుకి "ఆర్డినెన్స్ ఆర్ లా" అనే కవరేజి ఉండాలి. దెబ్బతినకపోయినా తీసెయ్యాల్సి వచ్చే భాగం, దాన్ని పడగొట్టే ఖర్చు, కొత్త కోడ్ ప్రకారం కట్టడానికయ్యే అదనపు ఖర్చు, ఈ మూడూ దీని కిందికి వస్తాయి. ప్రామాణిక హెచ్‌ఓ-3 పాలసీ ఫారంలో ఇది ఇంటి కవరేజిలో 10 శాతం ఉంటుంది. ఫ్లోరిడాలోనైతే కంపెనీలు 25 లేదా 50 శాతం తీసుకునే అవకాశం ఇవ్వాలి. అక్కర్లేదనుకుంటే మనం రాతపూర్వకంగా చెప్పాలి.

అలా అక్కర్లేదని సంతకం పెట్టింది నేనే! ఏడాదికి 60 డాలర్లు మిగులుతాయని.

లెక్క చూడండి. ఇంటి కవరేజి 2,50,000 డాలర్లు, హరికేన్ డిడక్టబుల్ 2 శాతం, అంటే 5,000. అడ్జస్టర్ కట్టిన 6,000లో అది పోగా నాకొచ్చిన చెక్కు 1,000. మిగతా 17,000 నా జేబులోంచి పెట్టాను. ఆ కవరేజి ఉండి ఉంటే నేను పెట్టాల్సింది 5,000 మాత్రమే.

ఇది ఒక్క ఫ్లోరిడా సమస్య కాదు. ఇల్లు ఎంత పాతదైతే అప్పటి కోడ్‌కీ ఇప్పటి కోడ్‌కీ అంత తేడా ఉంటుంది. 1960లలో కట్టిన ఇంటికి నిప్పంటుకుంటే, వైరింగు నుంచి స్మోక్ అలారంల దాకా కొత్తగా పెట్టమని సిటీ వాళ్ళు అడగవచ్చు.

వరద సంగతి వేరు. మామూలు ఇంటి పాలసీ వరద నష్టానికి ఇవ్వదు. ఫెడరల్ ప్రభుత్వ వరద బీమా పథకంలో ఉన్న ఊళ్ళలో, వరద ముప్పు ఎక్కువని గుర్తించిన ప్రాంతంలో ఇల్లుంటే, మరమ్మతు ఖర్చు ఇంటి కట్టడం విలువలో సగానికి చేరితే దాన్ని ఇప్పటి నిబంధనలకి తగ్గట్టు మార్చాలి. చాలాసార్లు ఇల్లే ఎత్తు పెంచాల్సి వస్తుంది. దానికి ఆ పథకం పాలసీ ఇచ్చేది గరిష్ఠంగా 30,000 డాలర్లే.

ఈ వారాంతంలో ఒక్క పది నిమిషాలు కేటాయించండి. మీ పాలసీ డిక్లరేషన్స్ పేజీ తీసి "ఆర్డినెన్స్ ఆర్ లా" ఎదురుగా ఎంత శాతం ఉందో చూడండి. ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో, కప్పు ఎప్పుడు వేశారో ఏజెంటుకి చెప్పి, ఆ శాతం సరిపోతుందా అని అడగండి. నేను 2018 రెన్యూవల్‌లోనే 25 శాతం తీసుకున్నాను. ఇప్పుడు కొత్త పాలసీ కాగితాలు రాగానే నేను ముందు చూసేది ఆ లైనే.