పోయింది బోర్డు కాదు... అలిసిపోయిన డబ్బా!

మాఘమాసం వచ్చిందంటే మా ఇంట్లో పెళ్లి లేకపోయినా నాకు ఊపిరి సలపదు. ఎందుకంటారా? ఎలమంచిలిలో మా వీధి గదిలో చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, బడిపిల్లల ప్రశ్నపత్రాలు, వ్రతాల కరపత్రాలు - అన్నీ టైపు చేసి, పేజీ కట్టి ఇస్తాను. 2010లో నా రెండు గాజులు కుదువపెట్టి కొన్న కంప్యూటరు అది. ఇంటి ఖర్చుల్లో నా వాటా, అమ్మాయి కాలేజీ ఫీజు అందులోంచే వచ్చాయి.

సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లోనే అది మొరాయించింది. పొద్దున్నే బటను నొక్కితే లోపల ఫ్యాను ఒక్కసారి అదిరి ఆగిపోయేది. నాలుగైదుసార్లు నొక్కితే ఎలాగో లేచేది. లేచాక కూడా నమ్మకం లేదు. సీడీ రాయబోతేనో, పెద్ద ఫోటో తెరవబోతేనో టక్కున ఆరిపోయి, దానంతటదే మళ్లీ మొదలయ్యేది. ఓ రోజు సగం కట్టిన శుభలేఖ అలాగే ఎగిరిపోయింది. పెళ్లివారు మర్నాడు వస్తారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కబురు పెడితే రిపేరు అబ్బాయి వచ్చి, మూత విప్పి చూశాడు. "బోర్డు మీద లైటు వెలుగుతోంది కదండీ, అంటే కరెంటు బాగానే వస్తోంది. బోర్డే పోయింది. ఇంత పాతదానికి బోర్డు దొరకదు. కొత్తది కొనేసుకోండి" అన్నాడు. పది నిమిషాల్లో తీర్పు అయిపోయింది!

కొత్తది కొనడం డబ్బు సంగతి ఒక్కటే కాదు. నా పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో నా ఫైలు తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, మాలాంటి చిన్న సెంటర్ల పని ఏళ్ల తరబడి ఈ పాత పద్ధతిలోనే సాగింది. మా అమ్మ నోటితో చెబుతుంటే టైపు చేసి పెట్టుకున్న పెళ్లిపాటలు కూడా అందులోనే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. మరి నా గుండె గుభేలుమనదూ?

మా వీధి చివర ఓ పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. చూపు తగ్గి పని మానేశారు. బాబాయ్ అని పిలుస్తాను. వెళ్లి నా గోడు చెప్పుకున్నాను. "ఏటమ్మా, లైటు వెలిగితే కరెంటు బాగున్నట్టేనా? నాకు కళ్లు కనపడవు గానీ, నీకు చేతులున్నాయి కదా. నేను చెప్తాను, నువ్వు చెయ్యి" అన్నారు. నవ్వు, భయం రెండూ వచ్చాయి. అయినా సరే అన్నాను.

ముందు గోడ, తర్వాత డబ్బా

మొదట ఆయన కంప్యూటరు జోలికే వెళ్లనివ్వలేదు. "రోగం ఇంట్లోదో వీధిలోదో తేల్చుకో" అన్నారు. ప్లగ్గు వేరే సాకెట్లో పెట్టించారు. స్పైక్‌బస్టరు తీయించారు. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైనా ఇలాగే ఆరిపోతుందట. దాన్ని కూడా తప్పించి, నేరుగా గోడ ప్లగ్గులోంచి ఇచ్చాం. చివరికి మానిటరు కేబులు తీసి కంప్యూటరుకి పెట్టి చూశాం. రెండింటికీ ఒకే రకం కేబులు కదా. ఏం చేసినా అదే తంతు. అంటే తప్పు గోడది కాదు.

తర్వాత ప్లగ్గు పీకి, మూత విప్పి, బూజూ దుమ్మూ దులిపాను. ప్రాసెసరు మీది ఫ్యాను దుమ్ముతో బిగుసుకుపోయినా వేడెక్కి ఆరిపోతుందట. అది చక్కగా తిరుగుతోంది. మెమరీ కార్డు తీసి, తుడిచి, మళ్లీ బిగించాను. మార్పు లేదు. "ఇప్పుడు బరువు తగ్గించు" అన్నారు బాబాయ్. సీడీ డ్రైవు, అదనంగా ఉన్న రెండో హార్డ్‌డిస్కు వైర్లు పీకేశాను. ఆశ్చర్యం! రెండో నొక్కుకే లేచి కూర్చుంది. "చూశావా? బరువు తగ్గితే నడుస్తోందంటే మోసేవాడికి ఓపిక లేదన్నమాట" అన్నారాయన.

ఆ మోసేవాడే ఎస్.ఎం.పి.ఎస్. కంప్యూటరు వెనక, కరెంటు వైరు గుచ్చే చోట ఉండే ఇనప డబ్బా. గోడలోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. లోపలి భాగాలకి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఒకే బియ్యాన్ని మరలో ఒకరికి రవ్వగా, ఒకరికి పిండిగా పట్టి ఇచ్చినట్టు, ఆ డబ్బా ఎవరికి కావలసింది వాళ్లకి పంచుతుంది. బోర్డు మీద వెలిగే చిన్న లైటుకి వచ్చేది వేరే దారి. కంప్యూటరు ఆపేసి ఉన్నా మేలుకుని ఉండే చిన్న 5 వోల్టుల లైను అది. అది వెలిగినంత మాత్రాన 12 వోల్టులు సవ్యంగా వస్తున్నట్టు కాదు. రిపేరు అబ్బాయి పొరబడింది ఇక్కడే!

మీటరు చెప్పిన నిజం

బాబాయ్ తన పాత మల్టీమీటరు ఇచ్చారు. డీసీలో 20 వోల్టుల దగ్గర పెట్టమన్నారు. ఖాళీగా వేలాడే నాలుగు రంధ్రాల ప్లగ్గులో నల్ల పుల్ల నల్ల వైరు దగ్గర, ఎర్ర పుల్ల పసుపు వైరు దగ్గర ఆనించాలి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో మామూలుగా ఈ రంగులే ఉంటాయి. వందకి అయిదు చొప్పున అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అంటే 12 బదులు 11.4 నుంచి 12.6 దాకా, 5 బదులు 4.75 నుంచి 5.25 దాకా ఉండొచ్చు. "రెండు పుల్లలూ ఒకదానికొకటి తగలనివ్వకు" అని పదిసార్లు చెప్పారు.

ఎర్ర వైరు 4.9 చూపించింది. మంచిదే. పసుపు వైరు ఖాళీగా ఉన్నప్పుడు 11.6 చూపించింది. సీడీ డ్రైవు మళ్లీ తగిలించి, రాయడం మొదలుపెట్టాను. అంకె 11.3... 11.1... 10.9... టక్! ఆరిపోయింది. నా చేతులు వణికాయి గానీ, మనసు మాత్రం తేలికపడింది. దొంగ దొరికాడు కదా!

పాత డబ్బా జాలీలోంచి టార్చి వేసి చూస్తే, లోపల ఒక కెపాసిటరు తల పూరీలా ఉబ్బి ఉంది. కెపాసిటర్లంటే కరెంటుని నిలకడగా ఉంచే చిన్న కుండల్లాంటివి. వాటిలోని ద్రవం వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. చలి పొద్దుల్లో లేవడానికి బద్ధకించి, కాస్త వేడెక్కితే నడవడానికి కూడా ఇదే కారణమట. 2000 తర్వాత తొలి ఏళ్లలో ప్రపంచమంతటా ఎన్నో బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఇలాగే ఉబ్బి పాడయ్యాయి. నాది అంత పాతది కాదు గానీ, 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను, ఆ తర్వాతి కరెంటు కోతలు, ఏటేటా వేసవి ఎండలు అన్నీ చూసింది పాపం!

"అయినా తీర్పు అప్పుడే చెప్పకు. మంచి డబ్బా తగిలించి చూస్తేనే రుజువు" అన్నారు బాబాయ్. అనకాపల్లిలో మా ఆడపడుచు ఇంట్లో ఓ కంప్యూటరు మూలన పడి ఉంది. పాసింజరు బండెక్కి వెళ్లి, నాలుగు స్క్రూలు విప్పి ఆ డబ్బా తెచ్చుకున్నాను. దాని వాట్లు, ప్లగ్గులు నాదానితో సరిపోయాయో లేదో ముందే చూసుకున్నాను. బిగించి బటను నొక్కాను. ఒక్క నొక్కుకే లేచింది! సీడీ రాస్తున్నా పసుపు వైరు 12 దగ్గరే నిలబడింది. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని శుభలేఖలు ముగించాను.

తర్వాత రెండు వేల లోపే కొత్త డబ్బా కొన్నాను. ఈసారి బరువుగా, పేరున్నది చూసి తీసుకున్నాను. మావారు "పాత సామానుకి అమ్మేద్దామన్నాను, నయం" అన్నారు. నేను చేసిన మరో పని ఫైళ్లన్నీ రెండుచోట్ల కాపీ పెట్టడం. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే రక్షణ ఆగిపోయింది, అందుకని దీనికి ఇంటర్నెట్టు ఇవ్వను. అమ్మ పాటలు మాత్రం యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నాను, రోజుకి ఒకటి.

ఇవి మాత్రం మరవకండి

* ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాని ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపల 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. పాడైతే మార్చడమే.
* కాలిన వాసన, పొగ, నిప్పురవ్వ కనిపిస్తే పరీక్షలు వద్దు. వెంటనే గోడ స్విచ్చి ఆపండి.
* పాత డబ్బాల వెనక ఎర్ర మీట ఉంటే 230 మీదే ఉండాలి.
* ఆకుపచ్చ, నల్ల వైర్లు కలిపితే ఫ్యాను తిరిగిందని డబ్బా మంచిదనుకోకండి. ఖాళీ బిందె ఎత్తినవాడు నీళ్ల బిందె ఎత్తగలడని ఏముంది?
* మీటరు బాగుందని చెప్పినా అనుమానం తీరకపోతే, వేరే డబ్బాతో చూడండి. క్షణంలో వచ్చిపోయే తగ్గుదల మీటరుకి అందదు.

మీకు మీటరు పట్టుకోవడం భయమైతే పట్టుకోకండి, తప్పులేదు. కానీ ఎవరైనా "పోయిందండీ, కొత్తది కొనండి" అంటే ఒక్క మాట అడగండి: "ఎలా తేల్చారు? నా ఎదురుగా వేరే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టి చూపించండి" అని. ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే నా గాజుల కంప్యూటరు, అందులో అమ్మ పాటలు ఈపాటికి ఏ పాతసామాన్ల కొట్లోనో ఉండేవి!