మీకు తెలుసా? హోంగార్డు ఉద్యోగి కాదు, వాలంటీరు!

జంషెడ్‌పూర్‌లో ట్రాఫిక్ డ్యూటీలోనూ పండుగల బందోబస్తులోనూ పోలీసుల పక్కనే హోంగార్డులు కనిపిస్తారు. వేసుకునేది ఖాకీయే అయినా, చట్టం వారిని స్వచ్ఛంద సేవకులుగానే లెక్కిస్తుంది.

• దేశంలో తొలి హోంగార్డు దళం 1946 డిసెంబరులో, మత ఘర్షణల వేళ బొంబాయిలో ఏర్పడింది. బీహార్‌లో 1947లో చట్టం వచ్చింది. 2000లో విడివడిన జార్ఖండ్‌కు ఈ వ్యవస్థ అక్కడి నుంచే సంక్రమించింది.

• విధులకు పిలిచినప్పుడు హోంగార్డుకు పోలీసుకున్న అధికారాలు, రక్షణ ఉంటాయి.

• పోలీసులకు తోడుగా నిలిచేది హోంగార్డులే కాదు: 1861 పోలీసు చట్టం 17వ సెక్షన్ కింద, అల్లర్ల భయం ఉన్నచోట మేజిస్ట్రేట్ స్థానికులనే ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించవచ్చు.

• ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులను అలా నియమించి మావోయిస్టులపై పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది.

• హోంగార్డులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అయితే 30 రోజుల డ్యూటీ భత్యం కలిపితే పోలీసు కనీస వేతనానికి సమానం కావాలని ఆదేశించింది.

పోలీసుతో సమానంగా ఎండలో నిలబడేవారికి ఆ కనీస మొత్తం దయ కాదు, హక్కు.